దారి తెలిసిన స్టీరింగు

పళ్ల డాక్టరు గారి క్లినిక్‌లో ఉద్యోగం చేసే కూతురు రోజూ పని ముగించుకుని ఇంటికి బయల్దేరిందంటే, గడియారం స్తంభం దగ్గర కారుతో కుస్తీ మొదలయ్యేది. ఆమె కుడికి తిప్పబోతే స్టీరింగు ఎడమకి లాగేది. "ఊరుకో, ఇంటికి పోవాలి" అని కసురుకుని, బలవంతాన తిప్పుకొచ్చేది. ఇల్లు చేరేసరికి అరచేతులు నల్లగా, జిగటగా ఉండేవి. కారు నాన్నది. ఆయన పట్టుకుని పట్టుకుని స్టీరింగు మీది తోలు చేతులానే చోట గుంటలు పడింది, మిగతా చోట్ల పెచ్చులు లేస్తోంది.

స్టీరింగులకి అలవాట్లుంటాయన్నది ఎవరికీ కొత్త సంగతి కాదు. కాన్పుల డాక్టరమ్మ కారు కొనుక్కున్న కూరగాయల వ్యాపారి ఏడాదిపాటు రోజూ ఆసుపత్రి గేటు దాకా వెళ్లి, వాచ్‌మన్‌ని పలకరించి వెనక్కి వచ్చేవాడు. పోనుపోను ఆ వాచ్‌మనే ఆయనకి వియ్యంకుడయ్యాడు.

కానీ కూతురి బాధ స్టీరింగు గురించి కాదు. కళ్లు మసకబారి, కారు తాళాలు ఆమె చేతిలో పెట్టిన రోజు నుంచీ నాన్న మనిషి మనిషిలా లేడు. కిటికీ పక్కన కూర్చున్నాడంటే కూర్చున్నట్టే. కంచంలో వేలు పెట్టి కెలికి లేచిపోయేవాడు. ఏమైందని అడిగితే "బానే ఉన్నానమ్మా" అనేవాడు. ఇలాగే ఉంటే నాన్న దక్కడేమోనని ఆమెకి భయం పట్టుకుంది.

ఒకరోజు స్తంభం దగ్గరి లాగులాటలో కారు అద్దం బస్సుకి రాసుకుంది. బస్సు డ్రైవరు ఆమె ఏడు తరాలనీ తలుచుకున్నాడు. మర్నాడే ఆమె మెకానిక్ దగ్గరికి వెళ్లింది.

మెకానిక్ స్టీరింగుని అటూ ఇటూ కదిపి చూశాడు. "ఎటు లాగుతోందమ్మా?"

"గడియారం స్తంభం దగ్గర, ఎడమకి."

"ఎప్పుడైనా పోనిచ్చారా?"

"నాకేం పనీపాటా లేదనుకున్నారా?"

"విప్పే ముందు ఒక్కసారి దాని దారిన దాన్ని పోనివ్వాలమ్మా. ఎవరొచ్చినా నేనదే చెప్తాను. ఆ పని చూసుకుని రండి."

"అందాకా బస్సులు ఊరుకుంటాయా? విప్పెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

మెకానిక్ గొణుక్కుంటూనే బ్యాటరీ వైరు తప్పించి, హారను మూత ఊడదీశాడు. నడుమ ఉన్న నట్టు విప్పి, కొత్త స్టీరింగు వంకరగా కూర్చోకుండా లోపలి కడ్డీ మీద సుద్దతో గీత పెట్టుకున్నాడు. పాతది ఒక పట్టాన ఊడిరాలేదు. చివరికి వచ్చినప్పుడు నిట్టూర్పు వినిపించింది. ఎవరిదని ఇద్దరూ అడగలేదు. దాని చోట కొత్తది నిగనిగలాడుతూ, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

"పారెయ్యకండి. దీని పని ఇంకా మిగిలే ఉంది" అంటూ మెకానిక్ పాతదాన్ని వెనక సీట్లో పెట్టాడు.

ఇంటికొచ్చి ఆమె దాన్ని నాన్న ఒళ్లో పెట్టింది. ఆయన చేతులు వెతుక్కోకుండానే ఆ గుంటల్లోకి వెళ్లిపోయాయి. కాసేపటికి అది ఎడమకి తిరిగింది. ఆయన వెనక్కి తిప్పాడు. మళ్లీ తిరిగింది. ఈసారి ఆయన తిప్పలేదు. కళ్లనిండా నీళ్లు.

"ఎక్కడికి నాన్నా?"

"ఎక్కడికీ లేదమ్మా. పాత అలవాటు."

"నాకు చెప్పకూడని చోటా?"

"ఛ ఛ! రోజూ దింపమని నిన్నెలా అడగను? నీకే ఊపిరి సలపడం లేదు."

ఇన్నాళ్లూ తను కసురుకుంటూ ఇంటివైపు తిప్పుకొచ్చింది దేన్నో ఆమెకి అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "చెప్పులేసుకో" అంది.

నాన్న పక్క సీట్లో, పాత స్టీరింగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. స్తంభం దగ్గర అది ఎడమకి తిరిగింది. ఆమె కొత్తదాన్ని ఎడమకి తిప్పింది. "మెల్లిగా, ఇక్కడ గొయ్యుంటుంది" అన్నాడు నాన్న. నిజంగానే ఉంది. అచ్చాఫీసు వెనక నుంచి, తాళ్ల దుకాణం ముందు నుంచి తిప్పుకుంటూ పోయి, ఒక ఇరుకు సెలూన్ ముందు ఒళ్లోది ఆగిపోయింది.

లోపల సెలూన్ పెద్దాయన ఒకాయనకి గడ్డం గీస్తున్నాడు. నాన్నని చూడగానే కత్తి పక్కన పెట్టేశాడు. మూలనున్న బల్ల మీద బోర్లించిన బేసిను ఎత్తాడు. దాని కింద సగంలో ఆగిపోయిన చదరంగం.

"ఏమైపోయావయ్యా ఇన్నాళ్లూ? రోజూ వచ్చే మనిషికి అడ్రసెందుకని నేనూ అడగలేదు, బుద్ధి తక్కువై."

"కళ్లు పోయాయి."

"వేళ్లున్నాయిగా. కూర్చో, ఎత్తు నీదే."

నాన్న పావుల్ని ఒక్కొక్కటే తడిమాడు. తడుముతూ తడుముతూ ఆగి, ఒక్కసారిగా గొంతెత్తాడు. "నా ఏనుగు ఇక్కడ కదా ఉండాలి? జరిపావు, దొంగా!"

"ఒట్టు, బేసిను ఎత్తితే ఒట్టు!"

"మరి నా రెండో చెంప సంగతేంటి?" అన్నాడు నురగ మొహంతో కుర్చీలో ఉన్నాయన. నాన్న పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో లెక్కేసుకోలేక, కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది.

పాత స్టీరింగుని సెలూన్ గోడకి తగిలించారు. అది మళ్లీ కదల్లేదు. కూతురు రోజూ క్లినిక్‌కి వెళ్తూ నాన్నని అక్కడ దింపి, వస్తూ ఎక్కించుకుంటోంది. కుర్చీ కోసం కాచుకునే వాళ్లకి ఆయన ఆట నేర్పుతాడు. ఎత్తు తప్పితే తిడతాడట కూడా. సాయంత్రం ఇంటికొచ్చి రెండోసారి వడ్డించమంటాడు.

ఆ మధ్య ఒకరోజు క్లినిక్‌లో ఊపిరాడనంత పని. తల దిమ్మెక్కి, ఏదో ఆలోచిస్తూ, స్తంభం దగ్గర ఆమె పాత అలవాటు కొద్దీ కుడికి తిప్పబోయింది. కొత్త స్టీరింగు తిరగలేదు. మెత్తగా ఎడమకి లాగింది.

ఆమె చేతులు వదులు చేసింది.

"పద, నాన్న ఎదురు చూస్తుంటాడు" అంది.