సిస్టర్ గౌదెంజియా దిద్దిన సిపాయిల ఆట

ప్రొఫెసర్ ఒత్తొరీనో పదకొండేళ్లుగా ఒకే ఆట వెంట పడ్డారు. అది రోమన్ సైనికులు గళ్ల పలక మీద ఆడిన సిపాయిల ఆట. పలకలు దొరికాయి, పావులూ దొరికాయి. ఎలా ఆడాలో మాత్రం ఏ పుణ్యాత్ముడూ రాసిపెట్టలేదు. పాత కావ్యాల్లో దొరికిన నాలుగు ముక్కలు పట్టుకుని ఆయనే నియమాలు అల్లారు. ఎదుటి పావును మన పావులు రెండు పక్కలా బిగిస్తే అది పట్టుబడుతుంది. పట్టుబడింది ఒక వంతు ఆగి మళ్లీ పలకెక్కుతుంది.

ఆడి చూడ్డానికి మనుషులు కావాలి. విద్యార్థులు రెండో రోజే మొహం చాటేశారు. రోమ్ నగరంలోని త్రస్తెవెరె పేటలో ఓ కన్యాస్త్రీల మఠం ఉంది. దాని వసారాలోని రాతి అరుగు మీద, ఎప్పటివో, అలాంటి గళ్లే గీసి ఉన్నాయి. ఎనభై దాటిన సిస్టర్ గౌదెంజియా, వంట చూసే సిస్టర్ పెర్పెతువా ఆడతామన్నారు. పావులుగా పెర్పెతువాకు తను వేయించిన శనగలు, గౌదెంజియాకు ఆలివ్ గింజలు.

మూడు వారాలైనా మొదటి ఆటే తెగలేదు. పట్టుకున్న శనగ పట్టుకున్నట్టే తిరిగొచ్చేది. ఈలోగా ప్రార్థన గంట మోగేది.

"ఏం ఆటయ్యా ఇది ప్రొఫెసరూ? చచ్చినవాడు మళ్లీ లేచి రావడమేంటి?" అంది గౌదెంజియా.

"అప్పటి నియమం అదే అయ్యుండాలి సిస్టర్."

"లేచొచ్చినవాడు ఒక్కడే. ఆయన ఈ గింజల్లో లేడు," అని పట్టుబడిన శనగను నోట్లో వేసుకుని నమిలేసింది.

"అయ్యో, అది సాక్ష్యం సిస్టర్."

"ఉప్పు తక్కువైంది," అంది పెర్పెతువా వంక చూస్తూ.

పట్టుబడినవి ఇక తిరిగి రాకపోయేసరికి ఆ రోజు ఆట అరగంటలో తేలిపోయింది. రెండోదీ అంతే. తర్వాత ప్రొఫెసరే గౌదెంజియా ఎదుట కూర్చుని వరసగా నాలుగు ఓడారు. పదకొండేళ్ల శ్రమ నవ్వులపాలైందని మొదట ఉక్రోషం వచ్చింది. ఐదో ఆటలో ఆయనా ఒక ఆలివ్ గింజను పట్టుకుని పక్కన పారేశారు. ప్రాణం ఎంత హాయిగా ఉందో.

ఇంటికెళ్లి వ్యాసం తిరగరాశారు. అది అచ్చయ్యాక ప్రతి తెచ్చి సిస్టర్ చేతిలో పెట్టారు. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని చదివింది.

"'పట్టుబడిన పావు బహుశా తిరిగి రాదు.' బహుశా ఏంటి?"

"రుజువు లేదు కదా సిస్టర్. పండితులు అలాగే రాస్తారు."

"నాలుగుసార్లు ఓడావు, ఇంకేం రుజువు కావాలి?" అని ఆవిడ పెన్ను తీసి, ఆ మాట కొట్టేసి, వ్యాసం తిరిగిచ్చింది.