బరువెక్కిన ల్యాండ్‌లైన్

రఫూ అక్కకి అన్యాయం జరిగింది 2002 జూన్ పదకొండో తేదీ, మంగళవారం, పగలు పదకొండుంబావుకి. ఆ సంగతి ఆవిడకి తెలియదు. ముందుగదిలో ఫోన్ కింద ఉండే చెక్కస్టూలుకి మాత్రం తెలుసు. అది ఆ నిమిషంలోనే నాలుగు కాళ్ళూ చాపి కూలబడింది.

ఆ ఇంట్లో ఫోన్ బరువెక్కడం కొత్తేం కాదు. ఒకరికి వచ్చిన కబురు ఇంకొకరు మింగేస్తే, మింగినవాళ్ళు శుభ్రంగా తిని తిరుగుతారు, బరువు ఫోన్‌కి పడుతుంది. పళ్ళ డాక్టరు రమ్మన్నాడని చెప్పడం మర్చిపోతే ఆవగింజంత. పిన్నికి ఒంట్లో బాలేదన్న కబురు దాస్తే పావుకిలో. అందరిళ్ళలోనూ అంతే కనక ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు. దుమ్ము దులిపేటప్పుడు ఫోన్‌ని ఎత్తకుండా చుట్టూ తుడుస్తారు, అంతే. కానీ ఆ మంగళవారం ఒక్క కాల్‌కి ఇరవై కిలోలు పెరిగింది.

చప్పుడు విని అక్క పక్కగదిలోంచి వచ్చింది. చేతిలో తమ్ముడి పెళ్ళికోటు ఉంది. కొన్నవారానికే మోచేతి దగ్గర మేకుకి పట్టించి చింపుకొచ్చాడు, దాన్ని అతుకుతోంది.

"ఎవర్రా ఫోను?"

"రాంగ్ నంబరక్కా."

రాంగ్ నంబర్లకి స్టూళ్ళు విరగవు. అయినా అక్క మళ్ళీ అడగలేదు. పెళ్ళి కావలసిన కుర్రాడు, ఏదో గుట్టు ఉంటుంది, గుచ్చి అడిగితే నొచ్చుకుంటాడు అనుకుంది. ఆడవాళ్ళకి ఈ మర్యాద నేర్పినవాళ్ళెవరో గాని దొరికితే తన్నాలి. ఆవిడ పాత కుట్టుమిషన్ ఇనపస్టాండు లాక్కొచ్చింది. ఇద్దరూ చెరోపక్కా పట్టి, రొప్పుతూ ఫోన్‌ని దానిమీదకి ఎక్కించారు. ఇరవై రెండేళ్ళు అది అక్కడే ఉంది.

రఫూ అక్క పని చిరుగుని మాయం చెయ్యడం. సిగరెట్టు కాల్చిన కోట్లు, చిమ్మటలు తిన్న శాలువాలు, గొళ్ళేనికి చిక్కి చీరుకుపోయిన లంగాలు. ఆ బట్ట అంచులోంచే నాలుగు పోగులు లాగి, ఆ పోగులతోనే చిల్లుని నేసేస్తుంది. పొద్దున్న ఆరింటికి కిటికీ దగ్గర కూచుంటే వెలుతురు పోయేదాకా లేవదు. అన్నిటికన్నా నలుపు మీద నలుపు కళ్ళు తినేస్తుంది. ఎడంకన్ను ఇప్పటికే సగం పోయింది. తిరిగిచ్చే ప్రతి బట్టకీ లోపలవైపు వేలెడు గుడ్డముక్క కుడుతుంది, దానిమీద దారంతో ఇంటి ఫోన్ నంబరు. ముప్ఫై ఏళ్ళుగా అదే నంబరు. ఆవిడకి బోర్డు లేదు, కొట్టు లేదు. ఊళ్ళో ఎన్ని కోట్లున్నాయో అన్ని కోట్ల లోపల ఆ నంబరుంది. ఆవిడ జీవనాధారం అదే.

ఆ కనెక్షన్ పెట్టించింది అక్క సంపాదనతోనే. దరఖాస్తు మీద సంతకం మాత్రం తమ్ముడిది. "మగపిల్లాడి పేరుంటే బావుంటుందే," అంది వాళ్ళమ్మ అప్పట్లో. ఎవరికి బావుంటుందో చెప్పలేదు.

ఒక్కసారి మాత్రం అక్క ఈ కిటికీ దాటి వెళ్ళబోయింది. మ్యూజియంలో పాతబట్టల విభాగం ఉంది, రాజులూ రాణులూ కట్టి విడిచినవి అతికే చోటు. 2002 వేసవిలో మనిషి కావాలని పరీక్ష పెట్టారు. ఒక్కొక్కళ్ళకి అరచేతంత చిరిగిన తివాచీముక్క ఇచ్చారు. అక్క మూడురోజులు కూచుని అతికి ఇచ్చింది. అక్కడి పెద్దావిడ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "చిరిగిందెక్కడ?" అని అడిగింది. ఫలితం ఫోన్‌లో చెబుతామంది. అక్క జూన్ అంతా ఎదురుచూసింది, జూలై సగం చూసింది. రాలేదు. చిరుగు కనబడే ఉంటుంది, ఆవిడ మొహమాటానికి అలా అంది అనుకుంది. అప్పట్నుంచి ఎవరైనా పని బావుందంటే, ఊరికే అంటున్నారులే అని తల దించుకుని దారం కొరికేది. మంచంపట్టిన తల్లిని ఏడేళ్ళు చూసింది. తల్లి పోయాక తమ్ముడి సంసారం చూసింది.

ఇంతకీ ఫోన్ సంగతి. ఈ ఏడు జూలైలో ల్యాండ్‌లైన్‌లో గరగర మొదలైంది. తమ్ముడు గోడౌన్‌లో గుమాస్తా, ఆఫీసులో ఎవరో ఇంటర్నెట్ ఫోన్ పెట్టించుకున్నారని విని వచ్చాడు. మర్నాడే ఇంటర్నెట్ కనెక్షన్లమ్మే ప్లాన్లమనిషి మెడలో కార్డు వేలాడేసుకుని దిగాడు.

"ఇక తీగలతో పన్లేదండీ. గొంతు ఇంటర్నెట్‌లో పోతుంది. స్ఫటికంలా వినబడుతుంది."

"కరెంటు పోతే?" అంది అక్క, కోటు మీంచి తలెత్తకుండా.

"రౌటర్ ఆగుతుందండీ. ఫోనూ ఆగుతుంది."

"ఇప్పుడున్నది కరెంటు పోయినా మోగుతుంది."

"మీకు కరెంటు ఎంతసేపు పోతుంది మేడమ్, మహా అయితే గంట."

"ఆ గంటలోనే మా వదినగారికి ఊళ్ళో కోట్లన్నీ చిరుగుతాయి," అంది మరదలు. ఆవిడ మందులషాపులో కౌంటర్ మీద ఉంటుంది, నాలుక కూడా మందుబిళ్ళలాగే చేదు.

"నాకు కావలసింది ఒక్కటే," అంది అక్క. "నంబరు మారకూడదు."

ప్లాన్లమనిషి మూడు కాగితాలు పెట్టి వెళ్ళాడు. మొదటి కంపెనీవాళ్ళు పాత నంబరు తీసుకోరు. రెండోవాళ్ళు తీసుకుంటారు గాని మాట్లాడడం చేతిఫోన్‌లోనే, ఇంట్లో మోగేది ఏమీ ఉండదు. మూడోవాళ్ళు నంబరూ ఉంచుతారు, చిన్న పెట్టె ఇస్తారు, ఇంట్లో మోగే ఫోన్ ఒకటి దానికి తగిలించుకోవచ్చు. తమ్ముడికి మొదటిది నచ్చింది, టీవీ ఛానళ్ళు ఉత్తినే ఇస్తారని. అక్క మూడోదన్నది. ఈ ఇంట్లో ఆవిడ ఒకటి గట్టిగా అడగడం అదే మొదలు కాబట్టి, తమ్ముడు ఆశ్చర్యపోయి ఊఁ అన్నాడు.

నిబంధనల కాగితం మీద అక్షరాలు చీమతలకాయలంత ఉన్నాయి. చదవకుండానే సంతకం పెట్టేయమని రాసే అక్షరాలవి. అక్క పోగులు లెక్కపెట్టే భూతద్దం తెచ్చి, బట్ట చూసినట్టే మొదటి అంచునుంచి చివరి అంచుదాకా చూసింది. పద్నాలుగో వరస దగ్గర సూది గుచ్చి ఆపింది.

"ఒరేయ్, ఇది విను. పాత కనెక్షన్ నడుస్తుండగానే నంబరు అవతలికి మారాలిట. పది పనిరోజులు పడుతుందిట. ఈలోగా పాతది తీయిస్తే నంబరు పోతుంది, మళ్ళీ రాదు. అర్థమైందా?"

"అయిందక్కా."

"నంబరు మారిందని వాళ్ళు చెప్పేదాకా నువ్వు పాత ఆఫీసు మెట్లెక్కకు."

"ఎక్కనులే. నేనేం చిన్నపిల్లాణ్ణా."

నాలుగోరోజున ఆ ఆఫీసు ముందునుంచి బస్సు వెళ్తుంటే దిగిపోయాడు. ఒకే ఇంటికి రెండు కనెక్షన్లు ఎందుకు దండగ అనుకున్నాడు, అక్కకి ప్రతిదీ భూతద్దంలో చూడ్డం అలవాటనుకున్నాడు. కనెక్షన్ తన పేరున ఉంది, ఇంకొకరి సంతకం అక్కర్లేదు. తీసెయ్యమని రాసిచ్చి, చేతులు దులుపుకుని తర్వాతి బస్సెక్కాడు.

ఆగస్టు ఎనిమిదో తేదీ, గురువారం పొద్దున్న, లైన్‌మ్యాన్ వచ్చాడు. తల నెరిసినవాడు, తీగలు మోసి మోసి ఒకపక్కకి వంగిపోయినవాడు. తలుపు తీసిన మరదలికి కాగితం చూపించాడు, బయట గోడమీద డబ్బా తెరిచాడు, తీగ కత్తిరించాడు. అక్క కిటికీలోంచి చూసి లేచేసరికే అయిపోయింది. మరో పావుగంటకి తమ్ముడి సెల్‌కి ప్లాన్లమనిషి ఫోన్ చేశాడు.

"సార్, మీ నంబరు సిస్టంలో లేదంటోందండీ. తీయించేశారా? ఇంకేం చెయ్యలేమండీ."

అక్క తమ్ముడి ముందుకొచ్చింది. "ముప్ఫై ఏళ్ళ నంబరురా అది."

"కొత్తది ఇస్తార్లే అక్కా. గుడ్డముక్కలు కొత్తవి కుట్టుకో."

"ఇచ్చేసిన కోట్లని ఏ ఇంటికెళ్ళి విప్పి కుట్టను?"

తప్పు తమదైనప్పుడు మగవాళ్ళు చేసే పనే చేశాడు, లైన్‌మ్యాన్ వైపు తిరిగి విసుక్కున్నాడు. "మీ పనయిందిగా, ఫోన్ పట్టుకెళ్ళండి."

ఫోన్ కంపెనీ సొత్తు, తిరిగి అప్పజెప్పాలి. లైన్‌మ్యాన్ రెండు చేతులూ వేసి లేపబోయి వదిలేశాడు.

"బానే మింగిందమ్మా," అన్నాడు, గడపమీద కూచుని తుండుతో మెడ తుడుచుకుంటూ. "తీగ తెగాక లోపల నిలవుండదు. ఎవరివి వాళ్ళకి కక్కేస్తుంది. అయ్యాక పట్టుకెళ్తా."

తమ్ముడు అడ్డం వచ్చాడు. "అవన్నీ ఎందుకండీ, పక్కింటివాళ్ళని పిలుస్తా, నలుగురం పట్టి ఆటోలో వేద్దాం."

"దారిలో మోగితే ఎవరెత్తుతారు సార్?"

ఆ మాట అంటుండగానే తీగలేని ఫోన్ మోగింది. కడపటిది ముందు. మరదలు ఎత్తింది. పళ్ళ డాక్టరు మూడేళ్ళ కిందట రమ్మన్న రోజు చెప్పాడు. పెట్టెయ్యగానే మళ్ళీ మోగింది, ఈసారీ ఆవిడకే. విని, గోడవైపు తిరిగి నిలబడింది. రిసీవర్ పెట్టాక ఆవిడ మాటలో చేదు లేదు, చెమ్మ ఉంది.

"మా నాన్న," అంది మొగుడితో. "తోచడం లేదు, అమ్మాయిని ఒకసారి చెయ్యమనండి అంటున్నాడు. ఎప్పుడు చెప్పావు నువ్వు నాకు?"

ఆవిడ తండ్రి పోయి నాలుగేళ్ళు.

అలా చిన్నాచితకా తొమ్మిదో పదో మోగాయి. ఒక్కొక్కదానికీ ఇనపస్టాండు కిర్రుమని కొంచెం పైకి లేచింది. తర్వాత ఊరుకుంది. లైన్‌మ్యాన్ వచ్చి వేలితో నెట్టి చూశాడు. "ఇంకొకటుంది. పెద్దది."

అది మోగినప్పుడు తమ్ముడు ఒక్క అంగలో వెళ్ళి రిసీవర్ మీద చెయ్యి వేసి అదిమాడు.

"రాంగ్ నంబరక్కా."

అక్క అతని మొహంలోకి చూసింది. ఇరవై రెండేళ్ళ కిందటి మొహం, అదే మాట, అప్పటికన్నా కాస్త కొవ్వు.

"చెయ్యి తియ్యి."

తీశాడు. అక్క రిసీవర్ చెవికి ఆనించింది. మ్యూజియం పెద్దావిడ గొంతు. తివాచీముక్క చూశామండీ, అంత పని మేం చూడలేదు, ఉద్యోగం ఆవిడకే ఇస్తున్నాం, పిలుస్తారా అంది. తర్వాత తమ్ముడి గొంతు, లేతగా, వినయంగా. "ఆవిడ రానంటోందండీ. బయటికెళ్ళి చేసే ఉద్దేశం లేదుట."

"ఆ మాట ఆవిడే చెబితే బావుంటుంది."

"పడుకుందండీ."

ఆ పగలు అక్క పడుకోలేదు. నాలుగడుగుల అవతల, గోడకటువైపు, అతని కోటు మోచెయ్యి అతుకుతోంది.

టక్కున పెట్టేసిన చప్పుడు వినబడింది. అతను అటు తప్పుకున్నాడు, అంతే. అవతల పెద్దావిడ మాత్రం పెట్టలేదు. "సరే, ఆవిడ లేచేదాకా ఉంటాను," అంటోంది, పెట్టేసిన ఫోన్‌లోకి. తర్వాత కాగితాలు తిప్పుతున్న చప్పుడు, చిన్న దగ్గు, మళ్ళీ కాగితాలు. ఇరవై కిలోలూ అవే. ఆవిడ ఎదురుచూస్తోంది.

అక్క గొంతు సవరించుకుంది.

"లేచానండీ," అంది.

"హమ్మయ్య. వస్తారా మరి?"

"వస్తాను."

"సోమవారం పదింటికి."

ఫోన్ ఖాళీ అగ్గిపెట్టెలా తేలిపోయింది. లైన్‌మ్యాన్ దాన్ని ఒక్కచేత్తో తీసి సంచిలో వేసుకుని, రసీదు మీద సంతకం అడిగాడు. పేరు తమ్ముడిది కాబట్టి తమ్ముడే పెట్టాడు.

"అమ్మకోసమే అక్కా. నువ్వెళ్ళిపోతే అమ్మని ఎవరు చూస్తారని."

"అమ్మ పోయి పదిహేనేళ్ళయింది. ఆ తర్వాత ఎవరికోసం?"

అతను రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నన్ను అడిగుంటే అమ్మకోసం ఉండిపోయేదాన్నేమో. నువ్వు అడగలేదు. నాకు పని రాదని నమ్మి బతికానురా ఇన్నాళ్ళు."

సోమవారం పొద్దున్న కరెంటు లేదు. కొత్త పెట్టె చీకటి మొహం వేసుకుని కూచుంది. అక్క సూదులడబ్బా, భూతద్దం సంచిలో పెట్టుకుని పదికి పది నిమిషాలుండగా మ్యూజియం మెట్లెక్కింది.

పెద్దావిడ లేదు. గోడమీద ఫోటోలో ఉంది. సీట్లో కూచున్న గుమాస్తా అమ్మాయి బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి, దుమ్ము ఊది, నాలుగో వరస మీద వేలు పెట్టింది. అక్క పేరు తప్ప గళ్ళన్నీ ఖాళీ. పక్కన పెన్సిల్‌తో, "తమ్ముడు వద్దన్నాడు. ఆవిడ నోటినుంచి వినాలి. అంతదాకా ఈ వరస కొట్టెయ్యొద్దు," అని ఉంది.

"ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు కదండీ, అలాగే ఉంచాం," అంది అమ్మాయి. "వయసెంత?"

"నలభై తొమ్మిది."

"రిటైర్మెంటుకి ఇంకా పదకొండేళ్ళుంది."

సొరుగులోంచి తివాచీముక్క కూడా తీసి ఇచ్చింది. అక్క దాన్ని వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి, భూతద్దం పెట్టి వెతికింది. చిరిగిందెక్కడో దొరకలేదు. పని అంత బావుందో, కళ్ళు అంత పోయాయో, తేల్చి చెప్పడానికి పెద్దావిడ లేదు. ఆ ముక్కని తిరిగిచ్చి, వచ్చి కూచుంది.

చేరిన తేదీ గడిలో 12 ఆగస్టు 2024 అని రాసింది. ఫోన్ నంబరు గడిలో అడ్డగీత గీసింది. చివరి గడి పైన "ఆలస్యానికి కారణం" అని అచ్చువేసి ఉంది.

"అది ఖాళీగా వదిలెయ్యొచ్చండీ," అంది అమ్మాయి.

అక్క వదల్లేదు. పోగు పక్కన పోగు పేర్చినట్టు, ఒక్కో అక్షరమే రాసింది: ఫోన్ తమ్ముడు ఎత్తాడు. 11 జూన్ 2002, మంగళవారం, పగలు పదకొండుంబావు.