పైకప్పు విందు

ముర్డో గిల్లన్ వేడి కెటిల్‌కు అరచేతులు ఆనించి కాచుకుని, షెడ్డు కిటికీకి పట్టిన చెమ్మను మోచేత్తో తుడిచాడు. తుడిచింది తను కడుతున్న ఇంటిని చూసుకోవడానికి కాదు. కంచె అవతల, పక్కింటి వార్విక్ పెరట్లో కిందటి వారం వచ్చి కూర్చున్న ఇంటిని చూడడానికి. నల్లరేకుల కప్పు, తెల్ల గోడలు, రెండు గదులు. ఆ కప్పు మీద రాత్రి పడిన మంచు చెక్కుచెదరలేదు. లోపల హీటర్ రాత్రంతా నడుస్తూనే ఉంది. అయినా పైన మంచు కరగలేదంటే వేడి కాస్త కూడా బయటికి పోవడం లేదన్నమాట. వడ్రంగివాడికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. తన షెడ్డు చూరు మాత్రం మంచు కరిగి అప్పుడే టపటపా కారుతోంది. గొంతులో టీ చుక్క పడకముందే ముర్డోకు కడుపు మండింది.

"మళ్ళీ అటేనా చూపు?" అంది భార్య నోలీన్ మంచం మీంచి.

ఆమె తలకు ఎర్ర ఉన్ని టోపీ ఉంది. చలికాలం వస్తే ఆ టోపీ లేకుండా నోలీన్‌కు నిద్రపట్టదు. చెవుల మీదికి లాక్కుని, గడ్డం కింద తాళ్ళు ముడేసుకుని, ముక్కు దాకా అతుకుల బొంత కప్పుకుంటుంది. స్థలం కొన్న కొత్తలో ఈ కారు షెడ్డులోకి మారుతూ, "ఒక్క చలికాలమేలే" అన్నాడు ముర్డో. అప్పుడామె ఆ టోపీ అల్లుకుంది. అది పాతబడి చిరిగితే మరొకటి అల్లింది. ఇప్పుడున్నది ఎన్నోదో ఇద్దరికీ గుర్తులేదు.

ఇల్లు లేవకపోవడానికి ముర్డో చెప్పే కారణాలన్నీ నిజాలే. కౌన్సిల్ వాళ్ళు అనుమతికి తిప్పించుకున్నారు. పునాది చూడడానికి వచ్చినవాడు ఒకటి చెబితే, ఆ తర్వాత వచ్చినవాడు ఇంకొకటి చెప్పాడు. ఈలోపు కలప ధర ఆకాశానికెక్కింది. అంతా నిజమే గానీ, గోడల చట్రాలు లేచాక ఆగిపోయింది మాత్రం ముర్డో వల్లే. కప్పుకు కావలసిన చట్రాలు ఫ్యాక్టరీలో తయారుగా దొరుకుతాయి. లారీలో తెచ్చి ఒక్కరోజులో ఎత్తి కూర్చోబెట్టవచ్చు. "కొనుక్కొచ్చిన వాసాలా, నా ఇంటికా?" అన్నాడతను. ఒక్కో వాసం తనే కోసి, చిత్రిక పట్టి, నచ్చక పక్కన పడేసి, మళ్ళీ కోశాడు. నీలం టార్పాలిన్ పట్టా కింద ఆ ఇల్లు నేటికీ వాసాల కోసం ఎదురుచూస్తోంది.

కిందటి చలికాలం చివర్లో నోలీన్ గిన్నెలు తోముతూ మెల్లగా అంది: "ఇంకో చలికాలం ఈ షెడ్డులో ఉండను ముర్డో."

"వేసవికల్లా కప్పు వేసేస్తాగా!"

వేసవి వచ్చింది, పోయింది. ఆమె మళ్ళీ ఆ మాటెత్తలేదు. ఎత్తలేదు కాబట్టి సర్దుకుందనుకున్నాడు.

ఈలోపు ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. ఇళ్ళు త్వరగా లేవాలట, చవగ్గా లేవాలట. పెరట్లో చిన్న ఇల్లు వేసుకోవాలంటే లైసెన్సున్నవాళ్ళు కడితే చాలు, అనుమతి కోసం కౌన్సిల్ చుట్టూ తిరగక్కర్లేదు. మటౌరా ఊరంతటికీ అది చల్లటి కబురే, ఒక్క ముర్డోకు తప్ప. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. వార్విక్ కట్టకుండానే చూశాడు. పాల ట్యాంకర్ నడుపుకునే మనిషి, మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే మనిషి! పొద్దున రెండు లారీలు వచ్చాయి, క్రేన్ వచ్చింది, మధ్యాహ్నం భోజనాల వేళకు ఇల్లు ఇల్లయి కూర్చుంది. ముర్డో పట్టా చాటున నిలబడి ఆసాంతం చూశాడు. తనకు లేదని ఏడిస్తే ఒక కన్ను పోయిందట, ఎదుటివాడికి ఉందని ఏడిస్తే రెండో కన్నూ పోయిందట. ముర్డోకు ఆ వారమంతా రెండు కళ్ళూ మండాయి.

"సాయంత్రం వార్విక్ పైకప్పు విందుకు పిలిచాడు," అంది నోలీన్ లేచి కూర్చుంటూ. "చీజ్ రోల్స్ చేస్తానన్నాను."

"కప్పుతో సహా దిగిన ఇంటికి పైకప్పు విందేమిటి? పళ్ళతో పుట్టినవాడికి పళ్ళొచ్చిన పండగ చేసినట్టు."

నోలీన్ నవ్వలేదు. తలుపు దగ్గర రెండు అట్టపెట్టెలున్నాయి. చర్చి వాళ్ళ పాత సామాన్ల అమ్మకానికనుకుని, కాలు తగలకుండా దాటి పనికి పోయాడు.

ఆ రోజు పని బౌల్స్ ఆట క్లబ్బులో, పుచ్చిన కిటికీ చట్రం మార్చడం. పాత చెక్కను ఉలితో ఊడదీస్తూ కొత్త చట్టాన్ని తిట్టిపోశాడు. ఆ కట్టుడు నాలుగు గాలులకు నిలవదని, గోడలు అట్టముక్కలని, వార్విక్ లాంటివాళ్ళ కోసమే ఇలాంటి చట్టాలని. క్లబ్బు చూసుకునే ముసలి హెక్టర్ కాసేపు ఓపిగ్గా విన్నాడు.

"చట్టం వార్విక్ ఒక్కడికే రాశారా ఏంటి? నీకూ వర్తిస్తుందిగా గురూ."

"నాది పెద్ద ఇల్లు."

"కప్పులేని ఇల్లు పెద్దదైతేనేం, చిన్నదైతేనేం? వానకి రెండూ ఒకటే."

ముర్డో సుత్తి అందుకున్నాడు. కొత్త చట్రం అతికినట్టు కూర్చుంది. అప్పటికి హెక్టర్ వెళ్ళిపోయాడు, దాన్ని మెచ్చుకోవడానికి అక్కడెవరూ లేరు.

సాయంత్రం వార్విక్ పెరట్లో వీధివాళ్ళంతా బీరు సీసాలతో నిలబడ్డారు. నోలీన్ వేడివేడి చీజ్ రోల్స్ పళ్ళెం తిప్పుతోంది. కప్పు లేచిన రోజున ఇంటి యజమాని పనివాళ్ళకు తాగబోయించాలి, కప్పు కొసన పచ్చటి కొమ్మ కట్టాలి. అది అక్కడి ఆనవాయితీ. ఈ ఇంటికి పనివాళ్ళే లేరు. వార్విక్ ఎక్కడో విన్నట్టున్నాడు, ఒక చేత్తో కొమ్మ, ఇంకో చేత్తో సుత్తి పట్టుకుని, నోట్లో పొడవాటి మేకు కరుచుకుని నిచ్చెన ఎక్కుతున్నాడు.

పైన ఉన్నవి కొత్త రేకులు. ఒక్క మేకు దిగితే చాలు, మొదటి వానకే ఇల్లు కారుతుంది. చెక్క కప్పుకు కొట్టే మేకును రేకు కప్పుకు కొట్టబోతున్నాడు వెర్రివాడు. ముర్డో గొంతు దాకా వచ్చిన మాటను బీరుతో లోపలికి దింపేశాడు. కొట్టనీ. కారనీ. ప్రాణం ఎంత హాయిగా ఉందో! ఆ వారంలో మొదటిసారి అతని పెదవుల మీద నవ్వు కదిలింది.

"ముర్డో!" నోలీన్ పళ్ళెంతో సహా పరుగున వచ్చింది. ఆమె మొహంలో అంత కంగారు అతను ఎన్నడూ చూడలేదు. "వాడికి చెప్పు! రేకు పాడవుతుంది, చెప్పవేం?"

"ఒరేయ్ వార్విక్, దిగు," అన్నాడు ముర్డో విసుగ్గా. "మేకు కాదురా, తీగతో కట్టాలి."

"హమ్మయ్య, నువ్వే కట్టు గురూ! ఈ వీధికి వడ్రంగివి నువ్వొక్కడివే."

కొమ్మను చూరు కింది తూముకు తీగతో బిగించి దిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు అతని ఒంటిమీద నిప్పుకణికల్లా పడ్డాయి. తన కప్పుకు కట్టుకోవలసిన కొమ్మను ఎవడి కప్పుకో కట్టాడు.

కోటు జేబులో వంకర కనిపెట్టే చిన్న రసమట్టం పెట్టుకునే వచ్చాడు ముర్డో. ఎవరూ చూడకుండా ఇంట్లోకి దూరాడు. లోపలి వెచ్చదనం మొహానికి మెత్తగా తగిలింది. వంటగది కిటికీ గట్టు మీద రసమట్టం పెట్టాడు. బుడగ కదిలి, సరిగ్గా నడిమధ్యన నిలిచింది. తలుపు చట్రానికి ఆనించాడు. అక్కడా అంతే. కాస్తయినా వంకర ఉండకపోతుందా అని పడకగదిలోకి వెళ్ళాడు.

అక్కడ మంచం వేసి ఉంది. ఒక్కరికి సరిపడే మంచం. దాని మీద పొద్దున తన షెడ్డులో ఉన్న అతుకుల బొంత. గోడ పక్కన రెండు అట్టపెట్టెలు.

వెనక గుమ్మంలో నోలీన్ నిలబడి ఉంది.

"అద్దెకి తీసుకున్నా ముర్డో. ఇవాళ్టి నుంచే."

"ఎందుకు?" అనేశాడు. అడిగాక ఆ ప్రశ్న ఎంత బుద్ధితక్కువదో తెలిసింది.

"పోయినేడే చెప్పాగా."

"కప్పు... ఈ వేసవికి..."

"నీ ఇల్లు బాగుంటుంది. నాకు తెలుసు." ఆమె గొంతులో కోపం లేదు. "కానీ నాకు చలేస్తోంది. కంచె అవతలేగా, టీకి వస్తుండు. వచ్చేటప్పుడు తలుపు కొట్టు."

వారం రోజులుగా కంచె అవతలికి చూస్తూనే ఉన్నాడు. ఆ ఇంటి ప్రతి రేకూ, ప్రతి మూలా చూశాడు. తన పక్కనుంచి అదే ఇంటి వంక ఇంకెవరు చూస్తున్నారో ఒక్కసారీ చూడలేదు. వార్విక్ మీద కోపం తెచ్చుకోబోయాడు, రాలేదు. ఇప్పుడతను కుళ్ళుకుంటున్నది నాలుగు గోడల మీద. అతను మాట ఇచ్చి ఇవ్వలేకపోయిన వెచ్చదనాన్ని అవి అడగకుండానే ఆమెకిచ్చాయి.

కంచె సందులోంచి షెడ్డుకు వచ్చాడు. పొయ్యి ఆరిపోయింది. దీపం వేసి మంచం అంచున కూర్చున్నాడు. పక్కన దిండు మీద ఎర్ర ఉన్ని టోపీ ఉంది, తాళ్ళు రెండూ చక్కగా చుట్టిపెట్టి.