హాలు దాటని పుస్తకం

గురజాలలో కొత్తగా పెట్టిన ఆ కాలేజీలో ఆడపిల్లలకు లైబ్రరీ ఉన్నట్టే, లేనట్టే. బీరువాలు, పుస్తకాల జాబితా అన్నీ హాల్లో. హాలేమో మగపిల్లలది. ఆడపిల్లలు వరండా చివరి గదిలో కూర్చుని చీటీ రాసి పంపాలి. ప్యూను చాంద్ బాషా దాన్ని తీసుకెళ్లి, దొరికితే పుస్తకం, లేకపోతే అదే చీటీ తెస్తాడు. ఈ పద్ధతి పెట్టిన వాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది!

మణెమ్మకు ఆ సాయంత్రమే గడువు. పాత కరువుల మీద వ్యాసం. ఎవరిది బాగుంటే వాళ్లకు విశాఖపట్నంలో ఎమ్మే సీటుకు సిఫారసు రాస్తానన్నాడు చరిత్ర లెక్చరరు. వెల్దుర్తిలో బడిపంతులుగా ఉన్న ఆమె తండ్రి యోహాను, "సిఫారసొస్తే పంపుతా. రాకపోతే ఇక్కడే బళ్లో పంతులమ్మగా చేరు" అని తేల్చేశాడు.

పొద్దున పంపిన చీటీ తిరిగొచ్చింది.

"పుస్తకం పేరు రాయాలంటమ్మా," అన్నాడు చాంద్ బాషా.

"లోపలికి రానీకుండా పేరెట్టా తెలుస్తది బాబాయ్?"

"నన్నేం చేయమంటావు తల్లీ?"

మణెమ్మకు ఒళ్లు మండింది. అయినా మళ్లీ పెన్ను తీసింది. కావలసిందేదో వివరంగా చెబితే లైబ్రేరియన్ నాగభూషణరావే వెతికిస్తాడనుకుంది, పిచ్చిపిల్ల. కరువొస్తుందని పల్నాటి రైతులు జొన్నలు ముందే నేలలో పాతర వేసుకునేవాళ్లని నాయనమ్మ చెప్పేది. దొరల కాలపు రికార్డుల్లో దానికి ఆధారం దొరికితే వ్యాసానికి ఎదురుండదు. అదంతా చీటీకి రెండు వైపులా రాసి పంపింది.

మధ్యాహ్నం దాటాక చాంద్ బాషా ఉత్తచేతులతో వచ్చాడు.

"దొరికిందమ్మా. సారుకి ఏ పుస్తకమో తెలవక, నీ చీటీ హాల్లో పిల్లలకిచ్చి అడిగాడు. పుల్లారావు బాబు వెతికి తీశాడు. చదువుతున్నాడు."

పుల్లారావు కూడా అదే వ్యాసం రాస్తున్నాడు.

"నా కోసం తీసింది ఆయన చదవటమేంది?"

"అది రిఫరెన్సు పుస్తకమంట. హాలు దాటకూడదంట."

పరుగున హాలు గుమ్మం దాకా వెళ్లింది. గుమ్మం మాత్రం దాటలేకపోయింది. నాగభూషణరావు ఎదురొచ్చాడు. మంచివాడే. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది.

"రూలమ్మా, నా చేతుల్లో ఏముంది? ప్రిన్సిపాలు గారు ఊళ్లో లేరాయె."

ఈలోగా పుల్లారావు పుస్తకంతో సహా వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మణెమ్మ గారూ, పాతర్ల సంగతి ఇందులో ఉందండీ! అసలు నాకు ఈ ఆలోచనే రాలా. కాకపోతే జొన్నలు బూజు పట్టకుండా ఏం చేసేవాళ్లో రాయలా. మీకు తెలుసా?"

"చెప్పమ్మా, తోటి విద్యార్థి," అన్నాడు నాగభూషణరావు.

హాల్లో అందరూ తలలెత్తి చూస్తున్నారు. చెప్పనంటే పొగరంటారు. చెప్పింది. అడుగున వరిగడ్డి పరచడం, పైన మట్టి మెత్తడం, పేడతో అలకడం, తీసేటప్పుడు లోపలి ఆవిరి పోయేదాకా ఎవర్నీ దిగనివ్వకపోవడం, నాయనమ్మ చెప్పిందంతా చెప్పింది. పుల్లారావు నిలబడే రాసుకుని, చానా థాంక్సండీ అంటూ లోపలికెళ్లిపోయాడు.

మణెమ్మ గదికి తిరిగొచ్చి కాగితం ముందేసుకుంది. ఇప్పుడు ఆ మాటలు తను రాస్తే పుల్లారావుది చూసి కాపీ కొట్టిందంటారు. ఎందుకనరు? పుస్తకం చదివింది అతను. రాయకపోతే ఆమె దగ్గర మరింకేం లేదు. ఏం చేయాలో తోచక బల్ల మీద తలవాల్చి బావురుమంది.