రిపోర్టులో లేని నొప్పి

యమునకి కుడిచెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా మండుతుంది. ఏడాదిన్నరగా ఇదే తంతు. ఉన్నట్టుండి చెయ్యి పట్టు వదిలేస్తుంది. గిన్నె గానీ, బిందె గానీ, ఏది పట్టుకుంటే అది కింద పడుతుంది. పుంగనూరులో అంగన్‌వాడీ ఆయా పని ఆమెది. మూడోసారి పిల్లలకి పెట్టే గుడ్లు నేలపాలైన రోజు టీచరమ్మ నీరజ పక్కకి పిలిచి, "పని సేయాలని లేకుంటే సెప్పేయి యమునా" అంది.

మదనపల్లెలో ఇద్దరు డాక్టర్లు చూశారు. ఎక్స్‌రే తీశారు, రక్తం తీశారు, నరాలకి కరెంటు పెట్టి చూశారు. అన్నీ నార్మలే. ఒకాయన బలం మాత్రలు రాశాడు. ఇంకొకాయన "ఇంట్లో ఏమైనా గొడవలా?" అని అడిగి, ఆమె నోరు తెరిచేలోపే తర్వాతి పేషెంటు కోసం గంట కొట్టాడు. అడిగిన మనిషికి వినే తీరిక ఉండొద్దూ!

ఇక మిగిలింది కుప్పం పెద్దాస్పత్రిలో మెడ స్కానింగు. ఆ గొట్టంలో పడుకుని యమున దేవుణ్ణి ఏం కోరుకుందో బయటికి చెబితే చెప్పు తీసుకుని కొడతారు. ఏదో ఒకటి కనబడాలి స్వామీ అని కోరుకుంది. గడ్డయినా సరే, నరం నలిగిందన్నా సరే. రోగానికి ఒక పేరుంటే తన మాట నమ్ముతారు.

బయట బెంచీ మీద అత్త మునెమ్మ కూడా మొక్కుకుంటోంది. ఆ ఇంట్లో యమునని నమ్మింది ఆమె ఒక్కతే. మొగుడు మునికృష్ణ "నాటకాలాడతాండావు" అని మొహం మీదే అన్నప్పుడు, కొడుకని చూడకుండా చీపురు తీసుకుని తరిమింది. అంతటి మనిషీ ఆ రోజు భయంతో తొందరపడి ఊరి గంగమ్మకి మొక్కేసింది. "స్కానింగులో ఏమీ లేదనిపించు తల్లీ, మేకపోతుని ఇస్తాను." నొప్పి పోవాలని మొక్కడం ఆమెకి తట్టలేదు. రిపోర్టు బాగుంటే మనిషి బాగున్నట్టేనని అనుకుంది పాపం.

రిపోర్టులో ఏమీ లేదు. మునెమ్మ ఆస్పత్రి గుమ్మంలోనే సంతోషంతో ఏడ్చింది. యమున కూడా ఏడ్చింది. ఇద్దరిదీ ఒకటే ఏడుపనుకుని మునికృష్ణ ఇద్దరికీ టీ తెచ్చాడు.

ఆదివారం గంగమ్మ గుడి ముందు మేకపోతు తెగింది. గుడుపల్లె నుంచి, వి.కోట నుంచి చుట్టాలు ఆటోల్లో దిగారు. సంగటి, కూర ఘుమఘుమలాడుతుంటే కోడలి చేత్తోనే వడ్డించాలని మునెమ్మ పట్టుబట్టింది. "గంగమ్మ బాగుజేసిన సెయ్యి, అందురూ సూడాల!"

నాలుగు ఆకులు దాటేసరికి మంట భుజంలో మొదలై వేళ్లలోకి దిగింది. గరిటె జారి జయచంద్ర మామ ఆకులో పడింది.

"ఏమ్మా, ఇంకా తగ్గలేదా?" అన్నాడాయన. పంక్తి మొత్తం తలెత్తి చూసింది.

మునెమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. మొక్కు చెల్లించాక కూడా నొప్పి ఉందంటే, గంగమ్మయినా మాట తప్పి ఉండాలి, కోడలైనా దొంగ అయి ఉండాలి. మొక్కింది రిపోర్టుకే గానీ నొప్పికి కాదన్న మూడో మాట ఆ పంక్తిలో ఎవరికీ తట్టదు. ముసలామె కళ్లతోనే కోడల్ని బతిమాలుతోంది.

యమున ఎడంచేత్తో గరిటె తీసుకుంది. ఇప్పుడు నొప్పి లేదంటే ఇక ఏనాటికీ ఉందనడానికి లేదు. అది తెలిసే చెప్పింది.

"అదేమీ లేదు మామా. సేతికి నూనె తగిలి జారిపాయ. నొప్పి యాడిది?"

మునెమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"సూస్తిరా అప్పా! నా కోడలు అబద్దం సెప్పే మనిసి కాదు" అని, పెద్ద గిన్నె తెచ్చి ఆ చేతికే ఇచ్చింది.