ఆఖరు ఎవరు?

చర్చి గుమ్మం పక్కన బల్ల మీద రెండు నోటుపుస్తకాలు ఉంటాయి. ఒకటి రోగుల కోసం, ఒకటి పోయినవాళ్ళ కోసం. ఎవరి గురించి ప్రార్థించాలో వాళ్ళ పేరు రాసి లోపలికి వెళ్ళాలి. ఆ ఆదివారం ఎనెయిదా పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఉబాల్దో పేరు ఏ పుస్తకంలో రాయాలో ఆమెకు తెలియలేదు. ఏమీ రాయకుండానే పెన్ను పెట్టేసింది.

పదకొండేళ్ళుగా గ్యాస్ బండల వరసలో ఆమె ఉబాల్దో వెనక మనిషి. వాళ్ళ ఊరు బయామోలో ఏ వరసకైనా పద్ధతి ఒకటే. రాగానే "ఆఖరు ఎవరు?" అని గట్టిగా అడగాలి. ఎవరో చెయ్యెత్తుతారు. ఆ మొహం గుర్తుపెట్టుకుని నీడ వెతుక్కోవాలి. అక్కడ గడిచే నాలుగైదు గంటల్లో ఉబాల్దో చక్కెర మిల్లులో బాయిలర్ పేలబోయిన కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ బాయిలర్ కాస్త పెరిగేది. ఆమె జపమాల తీస్తే, "మీ దేవుణ్ణి వచ్చి బండ ఓ చివర పట్టమను తల్లీ, నా నడుం పోతోంది" అనేవాడు. అంటూనే ఆమె బండ కూడా దొర్లించుకొచ్చేవాడు.

ఇల్లెక్కడని ఆమె ఎప్పుడూ అడగలేదు. వచ్చే నెల మళ్ళీ కనిపించే మనిషి ఇంటి ఆనవాలు ఎవరడుగుతారు?

ఏడాది కిందట వరస ఫోన్‌లోకి వెళ్ళిపోయింది. యానెలిస్ అనే పేటమ్మాయి గ్రూపు నడుపుతోంది. శనివారం ఉదయం అందరూ "ఉన్నాను" అని పంపాలి, లేకపోతే పేరు కొట్టేస్తారు. బండలు గుర్రబ్బండిలో ఇళ్ళకే వస్తాయి. ఉబాల్దో పేరు మీద ప్రతి శనివారం సరిగ్గా ఏడింటికి "ఉన్నాను" వచ్చేది. పక్కనే దణ్ణం పెట్టే చేతుల బొమ్మ.

ఆ చేతులే ఎనెయిదాకు నిద్ర లేకుండా చేశాయి. ఉబాల్దో కారిదాద్ మాత ఊరేగింపుకే టోపీ తీయని మనిషి.

చివరికి ఆమె ఓ ఎత్తు వేసింది. "మీ మేక ఈనిందా?" అని అతని నంబరుకు పంపింది. ఉబాల్దో జన్మలో మేకను పెంచలేదు. అబద్ధం ఆడిన పాపాన్ని ఫాదర్ దగ్గర తర్వాత ఒప్పుకోవచ్చనుకుంది. నిమిషంలో జవాబొచ్చింది: "అంతా బాగుంది, దేవుడి దయ." మళ్ళీ అవే చేతులు.

ఎవరో అతని పేరు మీద బండలు తీసుకుంటున్నారు. మరి మనిషేమయ్యాడు?

ఆ ఆదివారం పూజ అయ్యాక ఆమె నేరుగా యానెలిస్ ఇంటికి వెళ్ళింది.

"ఉబాల్దోను చూశావా అమ్మాయీ?"

"శనివారం శనివారం ఉన్నాననే అంటున్నాడుగా పిన్నీ."

"అనడం కాదు. చూశావా?"

"ఫోన్‌లో చూడ్డమేంటి పిన్నీ. ఎండ లేదు, తోపులాట లేదు. దానికీ ఏడుపేనా? ఆయన చోటు మీద కన్నేశావా ఏంటి?"

ఎండ లేదన్న మాట నిజమే. ఎనెయిదా మోకాళ్ళు ఏడాదిగా ఆ మాటే అంటున్నాయి. అందుకే ఇన్నాళ్ళూ నోరెత్తలేదేమోనని ఆమెకు సిగ్గేసింది.

గుర్రబ్బండి తోలే విల్‌ఫ్రెదో వీధి చివర గుర్రానికి నీళ్ళు పెడుతున్నాడు. "రైలు కట్ట దిగాక నీలం తలుపు," అన్నాడు. "బండ అందుకునేది ఒకావిడ. ముసలాయన్ని మాత్రం నేనెప్పుడూ చూళ్ళేదు."

ఆమె రైలు కట్ట వైపు నడిచింది.

నీలం తలుపు తీసింది నలభై ఏళ్ళావిడ. చేతిలో ఫోనుంది.

"ఉబాల్దో కావాలి."

"ఆయన బాగున్నాడు."

"అది ఫోన్‌లో చదివాను. మనిషిని చూడాలి."

ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఇంతకీ మీరెవరు?"

చుట్టం కాదు, ఇరుగుపొరుగూ కాదు. "వరసలో ఆయన వెనక మనిషిని," అంది ఎనెయిదా. ఆవిడ నవ్వబోయింది. ఎనెయిదా ఆమె భుజం మీదుగా చీకటి గదిలోకి చూస్తూ గొంతెత్తి అడిగింది.

"ఆఖరు ఎవరు?"

ఆమె మనసులో ఒక మరియమ్మ జపం పూర్తయింది. అప్పుడు లోపల కుర్చీ కిర్రుమంది. ఓ దగ్గు వినిపించింది.

"నేనే. నా వెనక జపమాలావిడ ఉండాలే. వచ్చిందా?"

ఉబాల్దో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి కింద లేదు. "మిల్లులో నలభై ఏళ్ళు చక్కెర తీశాను," అన్నాడు. "ఒంట్లో చక్కెర ఊరుకుంటుందా, కాలు పట్టుకుపోయింది. ఎనిమిది నెలలైంది."

తలుపు తీసినావిడ పక్కింటి మిరెల్దా. ఆ వీధిలో నలుగురు ముసలివాళ్ళ ఫోన్లు ఆమే చూస్తుంది, నలుగురి పేరు మీదా అవే మాటలు, అవే చేతులు పంపుతుంది.

"కాలు పోయిందని ఒక్క ముక్క రాయొచ్చుగా అమ్మా," అంది ఎనెయిదా.

"ఎవరూ అడగలేదు."

"నేనడిగాను."

"మీరు మేక సంగతి అడిగారు. మతి చలించిందేమో పాపం అనుకున్నా."

ఉబాల్దో దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఎనెయిదా నవ్వలేకపోయింది. ఎలా ఉన్నావని అడగాల్సింది పోయి దొంగను పట్టబోయింది తను. అడిగి ఉంటే నిజం చెప్పేవారా? ఆ సంగతి దేవుడికే తెలియాలి.

మిరెల్దా కాఫీ తెచ్చింది. ఎనెయిదా రెండు పుస్తకాల సంగతి చెప్పింది.

"రోగుల్లో రాయి," అన్నాడు ఉబాల్దో. "ఆఖరున రాయి. ఎవర్నీ తోసుకుని ముందుకెళ్ళడం నాకిష్టం లేదు."

తరువాతి శనివారం ఏడింటికి ఫోను మోగింది. ఉబాల్దో: "ఉన్నాను." పక్కన దణ్ణం పెట్టే చేతులు. ఎనెయిదా అది చదివింది. నమ్మలేదు. చెప్పులేసుకుని రైలు కట్ట వైపు బయల్దేరింది.