బోర్లించిన ముప్పై గిన్నెలు

మా హువాత్‌కి రక్తవిరేచనాలు పట్టించింది వాగు నీళ్ళు కాదు దొరగారూ, మీరు. కోకో కాయలు పండి రాలిపోతున్నాయని మా వంటవాడు ఓన్ సెక్ చేతికి కత్తి ఇచ్చి తోటలోకి తోలారు. ఆరు రోజులు పొయ్యి వెలగలేదు. టీ కావడి రాలేదు. పశువుల్లా వాగులోకి వంగి తాగాం. నలుగురు జబ్బున పడ్డారు. ముగ్గురు లేచారు. హువాత్ ఇంకా చాప మీదే ఉన్నాడు.

చైనాలో ఓడెక్కిన స్వాటౌ రేవులో వేలిముద్ర వేసేముందు కాగితం మూడుసార్లు చదివించుకున్నవాణ్ణి నేను. చదివేవాడు విసుక్కుని, ఇదేమన్నా పెళ్ళి సంబంధమా అన్నాడు. పెళ్ళయితే ఒకసారి చాలు, సమోవా తోటకి మూడేళ్ళు పోతున్నా అన్నాను. తొమ్మిదో షరతు అలా కంఠతా వచ్చింది: ముప్పైమందికి ఒక వంటవాడు, వంటా, నీళ్ళు కాచడమూ తప్ప అతనికి వేరే పని చెప్పరాదు.

ఇవాళ, ఏడో రోజు పొద్దున, పని గంట కొట్టారు. హువాత్‌ని చాపతో సహా మోసుకొచ్చి తోట అంచున వరసగా కూర్చున్నాం. కత్తులు వెనక, గిన్నెలు ముందు, బోర్లించి. మీరు గుర్రం మీద వచ్చి, ఈ ఎండలో వేన్నీళ్ళెవడు తాగుతాడని నవ్వారు. నా గుర్రం ఆ వాగు నీళ్ళే తాగుతోందిగా అన్నారు. ఓన్ సెక్ నోరు ఊరుకోదు.

"గుర్రం కాగితం మీద వేలేయలేదు దొరా. మేం వేశాం," అన్నాడు.

మేస్త్రీ ఆ మాటని మీ భాషలో మెత్తగా తిప్పబోతే, ఉన్నదున్నట్టు చెప్పరా అని అందరం కసిరాం. నేను టోపీ అస్తరు విప్పి కాగితం తీశాను. ఆ అక్షరాలు మీకు రావన్నారు.

"అక్షరాలు రాకపోతే ఏం, లెక్కపెట్టడం వచ్చుగా. మాదాంట్లో తొమ్మిదోది మీదాంట్లోనూ తొమ్మిదోదే. తెచ్చి చూస్కోండి," అన్నాను.

కొరడా తీశారు. ఎవరూ లేవలేదు. ఎనిమిది ఊళ్ళవాళ్ళం, రెండు యాసలవాళ్ళం, అన్నం దగ్గర రోజూ కొట్టుకునేవాళ్ళం. ఆ పూట ఒక్క గిన్నె కదల్లేదు. నా జన్మలో అంత నిటారుగా ఎప్పుడూ కూర్చోలేదు.

మధ్యాహ్నం మీ బంగళా నుంచి కుండెడు టీ వచ్చింది. జాలిపడి పంపారట, ఈ ఒక్కరోజుకీ. ఆ వాసనకి నా నాలుకే నన్ను తిట్టింది. హువాత్ కూడా మొహం తిప్పేసుకున్నాడు. ఓన్ సెక్ వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"జబ్బువాడికి పంతమేంట్రా, తాగు. నీ వంతు పంతం కూడా మేమే పడతాం."

హువాత్ రెండు గిన్నెలు తాగాడు. మిగతాది అలాగే వెనక్కి పంపాం. దయ తాగడానికి సముద్రం దాటలేదు మేం.

రేపు గంటకి ముందే మీ కాగితం పట్టుకుని ఇక్కడికి రండి. తొమ్మిదో షరతు మీ నోటితో, అందరూ వినేలా చదవండి. అప్పటిదాకా కాయలు రాలితే రాలనీ. ఓన్ సెక్‌కి ఇచ్చిన కత్తి వెనక్కి తీసుకోండి. పొయ్యి వెలగనివ్వండి. గిన్నెలు అప్పుడు తిప్పుతాం.